టికెట్టున్న దొంగ

ఉదయగిరి,
11-8-2025

చిరంజీవి నిరోషకు మామయ్య ఆశీస్సులు. మేమిద్దరం బాగున్నాం. మీ అత్త మోకాళ్లు మాత్రం బాగాలేవు. ఆ సంగతి ఆమే నీకు ఫోనులో చెప్పి ఉంటుంది కాబట్టి నేను రాయను.

ఫోను చేస్తే నేను పలకలేదని కోపం తెచ్చుకోవద్దు. ఇరవై తొమ్మిదేళ్లు ఇంజను పక్కన కూర్చున్న చెవులివి. నువ్వు చెప్పేదాంట్లో సగం వినపడదు, ఆ సగాన్ని మీ అత్త తనకు నచ్చినట్టు చెబుతుంది. అందుకే ఈ ఉత్తరం. మా డిపోలో నాకు జూనియరు జోసెఫ్ ఇప్పుడు ఆత్మకూరు బస్సు మీద ఉన్నాడు. పోతూ ఒకటి, వస్తూ ఒకటి చేరుస్తానన్నాడు. నువ్వూ కాగితం మీదే రాయి.

మీ ఆఫీసులో తీసేసిన కంప్యూటరు, నువ్వు కొన్న స్టీరింగు, కింద తొక్కే పెడల్సు అన్నీ క్షేమంగా దిగాయి. గేరు రాడ్డు మీది ప్లాస్టిక్ గుండు నా చేతికి ఆనలేదు. చెక్క గరిటెలు చేసే మన వలి చేత ఒక గుండు చెక్కించాను. "ఏందన్నా, ఈ వయసులో బస్సు కొన్నావంటనే" అని ఎగతాళి చేశాడు గాని, గుండు మటుకు అరచేతిలో ఇమిడిపోయేట్టు చేశాడు.

నీ బస్సు ఆట చేసిన వాళ్లకు బస్సంటే తెలుసమ్మా. క్లచ్ వదిలేటప్పుడు బండి కాస్త ముక్కు ఎత్తుతుంది చూడు, అది కూడా పెట్టారు. మొదటి రోజు ఏదో చలిదేశంలో పన్నెండు కిలోమీటర్లు నడిపి, లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాను. "ఏంది, గ్రీజు అంటిందా?" అని అడిగింది మీ అత్త.

ఒకటే ఇబ్బంది. ఆట తెరిచిన ప్రతిసారీ అది కంపెనీకి కబురు పెట్టి, ఇతన్ని నడపనివ్వమంటారా అని అడిగి వస్తుంది. అడగాలంటే నెట్ ఉండాలి. ఇక్కడ మన దస్తగిరి నడిపే కేబుల్ నెట్ గట్టిగా గాలి వీస్తే పోతుంది. నిన్న నలభై మందితో వంతెన మీద ఉండగా పోయింది. బస్సు, వంతెన, నలభై మంది అంతా మాయమై తెర మీద ఒక చక్రం తిరుగుతూ కూర్చుంది. మళ్లీ తెరిస్తే, ప్రయాణికులను మధ్యదారిలో వదిలేసినందుకు నా పేరు మీద ఒక నల్లగుర్తు వేసి ఉంది. సర్వీసు మొత్తంలో లేని గుర్తు! పెన్షను వాళ్లు నేను బతికున్నానా అని ఏడాదికి ఒకసారి నవంబరులో అడుగుతారు. వీళ్లు కూర్చున్నప్పుడల్లా అడుగుతున్నారు.

పోయిన వారం నెల్లూరు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాను. నీటికాసుల జబ్బు ఎడమ కన్నును చాలావరకు తినేసిందట. పక్కచూపు తగ్గుతూ పోతుంది, పోయింది తిరిగి రాదు, తెర చూసేంత చూపు ఇంకో ఐదారు నెలలు ఉండవచ్చు అన్నాడు. కాబట్టి ఈ చక్రం తిరిగేటప్పుడు నాకు ఊరికే విసుగు రావడం లేదు, భయం వేస్తోంది. ఉపాయం ఉంటే రాయి.

మీ మామ,
మాలకొండయ్య, డ్రైవర్ (రిటైర్డ్)


ఆత్మకూరు,
14-8-2025

మామా,

జోసెఫ్ అన్న బస్సు దిగకుండానే కిటికీలోంచి ఉత్తరం విసిరాడు. బస్టాండులో అందరూ నాకేదో ప్రేమలేఖ వచ్చిందని చూశారు. గేరు గుండు బొమ్మ గీసి పంపినందుకు సంతోషం, నాకు గరిటెలా కనిపించింది.

ఆ అడగడం అనేది కంపెనీ పెట్టుకున్న తాళం మామా. ఆటను కొనకుండా దొంగ కాపీలు చేసుకుని ఆడేవాళ్లను ఆపడానికి. తమాషా ఏమిటంటే ఆ దొంగలు నాలుగు రోజుల్లోనే తాళం విరగ్గొట్టి, నెట్ లేకుండా హాయిగా ఆడుకుంటున్నారు. డబ్బు పెట్టి కొన్న మనమే గుమ్మం దగ్గర నిలబడి పేరు చెప్పుకోవాలి. మా ఆఫీసులో వెంకటేష్ దగ్గర అలాంటి కాపీ ఉంది. చక్రం లేదు, నల్లగుర్తు లేదు. "మీ మామకి ఇమ్మంటావా?" అన్నాడు. నేను నిన్ను అడుగుతున్నాను, అంతే. తిట్టవద్దు.

నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఈ ఆటలో మనకు కావలసిన రోడ్డు మనమే వేసుకునే వీలుంది. ఇంజినీరు ఆఫీసులో నేను రోజంతా గీసేవి రోడ్లేగా. ఆ చలిదేశం వదిలెయ్యి, నీ రోడ్డు నేను వేస్తాను. ఏ రోడ్డు కావాలో చెప్పు. మలుపులు గుర్తున్నాయా?

నిరోష


ఉదయగిరి,
19-8-2025

చిరంజీవి నిరోషకు,

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. నా బస్సులో టికెట్టు లేని మనిషి ఎక్కలేదు. మా సొంత బావమరిదిని అర్ధరూపాయి తక్కువైందని దింపినవాణ్ణి. అలాంటివాణ్ణి పట్టుకుని దొంగ బండి నడపమంటావా? వెంకటేష్ అనే ఆ పిల్లవాడికి నా మాటగా చెప్పు, వాడు సుఖంగా ఉండవచ్చు గాని రైటు కాదు.

ఇక రోడ్డు. ఏ రోడ్డో నీకు తెలియదా? ఉదయగిరి నుంచి సీతారామపురం, సాయంత్రం బస్సు, రాత్రికి అక్కడే హాల్టు, తెల్లారి తిరిగి రావడం. ఏడేళ్ల కిందట ఒక సోమవారం ఆ బస్సుకు డిపో బోర్డు మీద నా పేరే రాసి ఉంది. మూడు గంటలకు కంటి పరీక్ష కాగితం వచ్చింది. నాలుగు గంటలకు నా పేరు తుడిచి జోసెఫ్ పేరు రాశారు. తప్పేమీ లేదు, కన్ను తప్పినవాడికి స్టీరింగు ఎవరిస్తారు. కాని రోజూ పోయే రోడ్డులో ఇది ఆఖరుసారి అని తెలిసి పోవడం ఒక రకం, తెలియకుండానే నిన్నటిది ఆఖరిది అయిపోవడం ఇంకో రకం. ఆ ఒక్క ట్రిప్పు నాకు బాకీ ఉండిపోయింది. చూపు ఉండగా అది కొట్టాలి. ఇంకేమీ వద్దు.

మలుపులు వేరే కాగితాల మీద రాశాను, పదకొండు పేజీలు. ఒకటి మాత్రం ఇక్కడ రాస్తున్నాను, మర్చిపోకుండా. సగం దారి దాటాక రెండో వంపులో కుడిచేతి పక్క ఏనుగంత బండ ఉంటుంది. అక్కడ స్టాపు లేదు. కామమ్మ అని ఒకావిడ రోజూ నిలబడేది. బస్సు ఎక్కదు. సీతారామపురం బడిలో వంటచేసే కూతురికి ఇమ్మని కరివేపాకు మూట నా చేతికి అందించి, "పో నాయనా" అని వెళ్లిపోయేది. పదకొండేళ్లు ఆపాను. ఒకసారి చెకింగ్ వాళ్లు పట్టుకున్నారు. "స్టాపు లేనిచోట యాల ఆపినావు?" అంటే "మనిషి నిలబడి ఉండాది సార్" అన్నాను. రాతపూర్వకంగా సంజాయిషీ అడిగితే అందులోనూ అదే రాశాను. ఆ బండ పెట్టు. ఆ మనిషిని కూడా పెట్టు.

మాలకొండయ్య, డ్రైవర్ (రిటైర్డ్)


ఆత్మకూరు,
7-9-2025

మామా,

రోడ్డు అయింది! పోయిన ఆదివారం స్కూటీ మీద నేనే సీతారామపురం దాకా వెళ్లి ఫోటోలు తీసుకొచ్చాను. నీ పదకొండు పేజీల్లో ఒక్క కల్వర్టు తప్ప అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఆ కల్వర్టు కొట్టుకుపోయింది. కొండ మీద కోట గోడ ఎక్కడి నుంచి కనపడుతుందో కూడా నువ్వు చెప్పినట్టే పెట్టాను.

కామమ్మ దగ్గర చిక్కు వచ్చింది. స్టాపు లేనిచోట బస్సు ఆపితే ఈ ఆట కూడా నీ చెకింగ్ వాళ్లలాగే పట్టుకుంటుంది, పైగా గుర్తు వేస్తుంది. అందుకని ఆట లోపలి ఒక ఫైలు తెరిచి, ఆ బండ దగ్గర ఆపితే ఏమీ అనకుండా చిన్న మార్పు చేశాను. పెన్ డ్రైవ్ జోసెఫ్ అన్న చేతికి ఇచ్చాను. వలి మామ కూతురు సాయిరాకి ఎలా ఎక్కించాలో చెప్పాను, ఆ పిల్ల ఇంటర్ కంప్యూటర్లే చదువుతోంది.

ఎక్కు మామా, రైట్ రైట్.

నిరోష


ఉదయగిరి,
10-9-2025

అమ్మా నిరోషా,

బస్సు కదలలేదు. సాయిరా నీ పెన్ డ్రైవ్ ఎక్కించింది. ఉదయగిరి బస్టాండు వచ్చింది, నేను చూశాను. మన బస్టాండే. హారను కొట్టబోయేలోపల తెర నల్లబడి ఎర్ర అక్షరాలు వచ్చాయి. సాయిరాను చదవమంటే మొదట చదవనంది. తర్వాత చదివింది. "ఈ కాపీని మార్చారంట తాతా. దొంగిలించిందని అనుమానమంట. ఖాతా ఆపేసినారు."

వలి, అతని భార్య మస్తాన్‌బీ, దస్తగిరి అందరూ చూడటానికి వచ్చి ఉన్నారు. దస్తగిరి ఇంట్లో అదే ఆట దొంగ కాపీ ఉందట, నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. "మాలకొండయ్యన్నను దొంగ అన్నారా? ఈ ఊళ్లో ఇంక ఎవుర్నన్నా అనొచ్చు" అని వలి బాధపడ్డాడు. ఓదార్చడానికే అన్నాడు గాని నాకు ఇంకా తల తిరిగింది. రాత్రి అన్నం సహించలేదు.

నువ్వు బాధపడవద్దు. ఇది ఎక్కడో పొరపాటు. టికెట్టు ఉన్నవాణ్ణి దింపితే అర్జీ పెట్టుకునే పద్ధతి ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది. నువ్వు కొన్న బిల్లు ఒకటి పంపు.

మాలకొండయ్య, డ్రైవర్ (రిటైర్డ్)


ఆత్మకూరు,
13-9-2025

మామా,

తప్పు నాది. కామమ్మ కోసం ఆ ఫైలు ముట్టుకోవడం వల్లే తాళం పడింది. కంపెనీకి ఆరుసార్లు రాశాను. రాసిన నిమిషానికే జవాబు వస్తుంది, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని. ఆరుసార్లూ అవే నాలుగు వాక్యాలు. అక్కడ మనిషి లేడు మామా, మిషను రాస్తోంది. చివరిసారి, నీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని మార్కులు వేస్తావు అని అడిగింది. నేను వేసిన మార్కులు ఉత్తరంలో రాసేవి కావు.

బిల్లు పంపుతున్నాను. కాని అర్జీలు గిర్జీలు వద్దు. వాటిని చదివేవాళ్లు లేరు.

కంటికి మళ్లీ ఎప్పుడు వెళ్తున్నావు?

నిరోష


ఉదయగిరి,
18-9-2025

చిరంజీవి నిరోషకు,

మిషను రాస్తోందంటే నువ్వు మిషనుకు రాశావన్నమాట. నేను మనిషికి రాశాను. బిల్లు అడుగున బెంగళూరు చిరునామా చిన్న అక్షరాల్లో ఉంది, సాయిరా భూతద్దంతో చదివింది. స్పీడ్ పోస్టులో పంపాను. నకలు నీకు పెడుతున్నాను.

"గౌరవనీయులైన కంపెనీ వారికి, ఉదయగిరి వాస్తవ్యుడు, రిటైర్డ్ డ్రైవర్ మాలకొండయ్య వ్రాసుకున్న విన్నపం. విషయం: టికెట్టు ఉన్న ప్రయాణికుణ్ణి బస్సు దింపుట గురించి. అయ్యా, మీ ఆటను మా మేనకోడలు కొని నాకు ఇచ్చినది. మార్పు జరిగిన మాట వాస్తవం. ఆ మార్పు ఒక ముసలావిడ కోసం బస్సు ఆపుటకే గాని వేరు దురుద్దేశం లేదు. నా కన్ను పరిస్థితి దృష్ట్యా నాకు ఎక్కువ కాలం లేదు. ఒక్క ట్రిప్పు కొట్టుకొనుటకు అనుమతించి, దొంగ అను మాటను రికార్డు నుండి తొలగించ ప్రార్థన. జతపరచినవి: బిల్లు నకలు, నా గుర్తింపు కార్డు నకలు, కంప్యూటరు మీది నంబరు నకలు."

అన్నింటి మీదా గెజిటెడ్ సంతకం ఉంది. పశువుల డాక్టరు పెట్టారు. ఆయన ముందు ఒప్పుకోలేదు. "మాలకొండయ్యా, ఆ కంప్యూటరును నేను చూడకుండా నిజమైనదని ఎట్లా సంతకం పెట్టేది?" అన్నారు. న్యాయమే కదా. ఆటోలో పెట్టుకుని తీసుకుపోయి చూపించాను. ఒక దూడకు సూది వేసి, చెయ్యి కడుక్కుని, నంబరు సరిచూసి పెట్టారు.

కంటికి వెళ్లాను. మూడు నెలలు అన్నాడు.

మాలకొండయ్య, డ్రైవర్ (రిటైర్డ్)


ఆత్మకూరు,
2-10-2025

మామా,

నీ అర్జీ పని చేసింది.

కంపెనీ నుంచి జవాబు నాకు వచ్చింది, బిల్లు నా పేరు మీద ఉంది కదా. పొరపాటుకు క్షమించమన్నారు. నీకు ప్రత్యేకంగా ఒక పాసులాంటిది ఇచ్చారు, ఇక నెట్ అడగదు, వాళ్లు వద్దనేదాకా చెల్లుతుంది. కామమ్మ దగ్గర ఆపడానికి కూడా అభ్యంతరం లేదట. కొత్త పెన్ డ్రైవ్ పంపుతున్నాను. పాతదంతా తీసేసి ఇది ఎక్కించమని సాయిరాకి చెప్పు. వేరే వివరాలు ఏమీ అడగవద్దని కూడా చెప్పు.

పని ఒత్తిడిలో ఉన్నాను, పొడుగ్గా రాయలేను.

నిరోష


ఉదయగిరి,
6-10-2025

చిరంజీవి నిరోషకు వెయ్యి ఆశీస్సులు.

చూశావా! అర్జీలు చదివేవాళ్లు లేరన్నావు. చదివే మనిషి ఒక్కడుంటే చాలు, పని జరుగుతుంది. మీ తరానికి ఓపిక లేదు.

కంపెనీ వాళ్ల మర్యాద చెప్పాలి. ఇప్పుడు ఆట తెరవగానే బ్యాండు వాయిస్తున్నారట. నాకు వినపడలేదు, మీ అత్త వంటింట్లోంచి ఉలిక్కిపడి వచ్చింది. "ఏందయ్యా, ఎవురిదన్నా పెళ్లి ఊరేగింపా?" అంది. తప్పు ఒప్పుకుని బ్యాండు పెట్టిన ఆఫీసును నేను ఇంతవరకు చూడలేదు. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఉంటుందే, పుర్రె, కింద రెండు ఎముకలు, ఆ బొమ్మ వస్తుంది. కరెంటుతో జాగ్రత్త అని గుర్తుచేయడం మంచి పద్ధతి. ఆ బొమ్మ చూసి సాయిరా ఎందుకో నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. పిల్లలకు ప్రమాదాలంటే నవ్వులాటగా ఉంది.

దస్తగిరిని పిలిచి బొమ్మ చూపించి బుద్ధి చెప్పాను. "చూడబ్బయ్యా, న్యాయంగా పోయినోడికి ఎంత మర్యాద చేసినారో. నీ దొంగ కాపీకి బ్యాండు ఉండాదా?" అంటే, కాసేపు తెర వంక, కాసేపు నా వంక చూసి "లేదులే పెదనాయనా" అని వెళ్లిపోయాడు. సిగ్గుపడ్డాడనుకుంటాను.

రోడ్డు గురించి రాయాలంటే నాకు చేతకావడం లేదమ్మా. సగం దారిదాకా పోయి వెనక్కి వచ్చాను. బండ దాకా పోలేదు. ఆఖరి ట్రిప్పు ఒక్కటే ఉంటుంది, దాన్ని సాధన పేరుతో వాడేయకూడదు. కంపెనీకి కృతజ్ఞతలు రాసి పోస్టులో వేస్తున్నాను.

మాలకొండయ్య, డ్రైవర్ (రిటైర్డ్)


ఆత్మకూరు,
7-10-2025

మామా,

కృతజ్ఞతలు రాయవద్దు! వేసి ఉంటే సరే, వేయకపోతే ఆగు. ఇది ప్రత్యేకమైన అనుమతి, నలుగురికీ తెలిస్తే వాళ్లకు ఇబ్బంది. దస్తగిరికి కూడా ఇంకేమీ చెప్పవద్దు. బ్యాండు గురించి అసలు ఎవరికీ చెప్పవద్దు.

త్వరగా ఆ ట్రిప్పు కొట్టెయ్యి మామా. మంచి రోజు కోసం చూడకు.

నిరోష


ఉదయగిరి,
10-11-2025

చిరంజీవి నిరోషకు,

నీ మాట అందేసరికే ఉత్తరం పోస్టులో పడింది. ప్రత్యేక అనుమతి అని నాలుగు మాటలు రాశాను గాని, పేర్లు రాయలేదు.

బతికున్నట్టు కాగితం శుక్రవారం ఇచ్చి వచ్చాను. వేలిముద్ర మూడుసార్లకు పడింది. వచ్చేసరికి సాయిరా ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మన బస్సు ఆట కంపెనీ తలుపులు మూస్తోందట. నవంబరు 30 మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆ అడిగే యంత్రాలన్నీ ఆపేస్తారట. ఆ తర్వాత అనుమతి ఇచ్చేవాళ్లు ఉండరు కాబట్టి, కొన్నవాళ్ల ఆటలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయట. తిరిగి డబ్బు ఇవ్వరట. దస్తగిరి ఆటకు ఏమీ కాదట, అది ఎవర్నీ అడగదు కదా. ఇందులో న్యాయం ఎక్కడుందో నేను మూడు రోజులుగా వెతుకుతున్నాను.

వాళ్లు వద్దనేదాకా నా పాసు చెల్లుతుందని నువ్వే రాశావు. వద్దన్నారు. కాబట్టి 30వ తేదీ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆఖరి ట్రిప్పు. మా గదిలో కుర్చీలు వరసగా వేస్తున్నాను. వలి, మస్తాన్‌బీ, సాయిరా, పశువుల డాక్టరు వస్తామన్నారు. కామమ్మ కూతురు రిటైరై ఉదయగిరిలోనే ఇల్లు కట్టింది, కామమ్మ ఆమె దగ్గరే ఉందట. ఎనభై దాటింది. వెళ్లి పిలిచాను. ముందు సీటు నీకు ఉంచాను. రావాలి.

మాలకొండయ్య, డ్రైవర్ (రిటైర్డ్)


ఆత్మకూరు,
14-11-2025

మామా,

ఆ రోజు నాకు కొలతల పని పడింది, ఆదివారమైనా సైటుకు వెళ్లాలి. రాలేను.

పన్నెండు గంటలు అని అంత పట్టింపు పెట్టుకోవద్దు. ఒకవేళ ఆగకపోవచ్చు కూడా. నీది ప్రత్యేకమైన పాసు కదా.

నిరోష


ఆత్మకూరు,
30-11-2025, సాయంత్రం

మామా,

కొలతలు లేవు. పొద్దుటి నుంచి ఇంట్లోనే కూర్చున్నాను.

కంపెనీ జవాబు రాయలేదు. నేను మొత్తం పదకొండుసార్లు రాశాను, మిషనే పలికింది. పాసు లేదు. నీకు పంపింది వెంకటేష్ దగ్గర తీసుకున్న దొంగ కాపీ. ఆ బ్యాండు దొంగలు పెట్టుకున్నది. ఆ పుర్రె కరెంటుది కాదు, వాళ్లదే. డాక్టరు మూడు నెలలు అన్నాడని నువ్వు రాసిన రోజు, ఇక ఏదో ఒకటి చేయాలనిపించింది. నిజం చెబితే నువ్వు స్టీరింగు ముట్టవు, చెప్పకపోతే నిన్ను మోసం చేసినట్టు. మోసమే ఎంచుకున్నాను. అర్జీ పని చేసిందని నువ్వు ఊరందరికీ చెబుతుంటే ఇక్కడ నాకు తల తీసేసినట్టు ఉండేది.

అందుకే రాలేదు. నీ పక్కన కూర్చుని పన్నెండు కొట్టడం చూడలేను. ఆగలేదు కదా మామా? ఆగదని నాకు తెలుసు. నువ్వు తిట్టినా సరే, ఒక్క మాట రాయి. ట్రిప్పు అయిందా?

నిరోష


ఉదయగిరి,
1-12-2025

అమ్మా నిరోషా,

నీ ఉత్తరం జోసెఫ్ పొద్దున ఇచ్చాడు. అది రాకముందే నాకు తెలుసు. నిన్న పన్నెండు గంటలప్పుడు తెలిసింది.

తొమ్మిదింటికి బయలుదేరాల్సిన బస్సు. లైను పని అని కరెంటు తీసి పదకొండున్నరకు ఇచ్చారు. డాక్టరు గారు వెళ్లిపోదామని లేచారు, కూర్చోబెట్టాను. కామమ్మను ముందు సీట్లో, నీ సీట్లో కూర్చోబెట్టాను. పదకొండేళ్లు బస్సు ఆపించి ఒక్కరోజూ ఎక్కని మనిషి ఎక్కింది. హారను కొట్టాను. కోట గోడ నువ్వు పెట్టిన చోటే కనపడింది. ఆ ఎత్తు ఎక్కేటప్పుడు రెండో గేరుకు దిగాలి, చెయ్యి దానంతటదే దిగింది. ఏడేళ్లయిందంటే చెయ్యి నమ్మలేదు.

సగం దారిలో ఉండగా సాయిరా గోడ గడియారం చూసి "పన్నెండు తాతా" అంది. నేను బస్సు రోడ్డు పక్కకు తీసి నెమ్మది చేశాను, మాయమయ్యేటప్పుడు ఎవరికీ కుదుపు రాకూడదని. ఆగలేదు. పన్నెండూ రెండు, పన్నెండూ ఐదు. "కంపెనీకి జాలి పుట్టింది అన్నా!" అని వలి చప్పట్లు కొట్టాడు. నాకు అప్పుడు తెలిసింది. గడువు తీరాక కూడా నడుస్తోందంటే ఈ బస్సుకు పాసే లేదు. బ్యాండు, పుర్రె, దస్తగిరి చూపు, సాయిరా చున్నీ అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. నా ముఖం చూసి మీ అత్త తల వంచుకుంది. నా అర్జీ అక్టోబరులోనే తిరిగి వచ్చిందట, ఈ చిరునామాలో ఎవరూ లేరని. మా ఆయన ఉత్సాహం పాడవుతుందని బియ్యం డబ్బా కింద పెట్టిందట. ఇంటిల్లిపాదీ కలిసి నన్ను మోసం చేశారు.

బ్రేకు మీద కాలు పెట్టాను. నా దగ్గర టికెట్టు ఉన్న రోజున నన్ను అందరి ముందూ దొంగ అన్నారు. నిజంగా దొంగ బండి నడుపుతున్న రోజున అడిగే దిక్కు లేదు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అయితే వెనక కుర్చీల్లో మనుషులున్నారు. ప్రయాణికులను మధ్యదారిలో దింపేసే అలవాటు నాకు లేదు. కాలు తీసేశాను.

రెండో వంపు తిరగగానే బండ. బండ పక్కన మనిషి, చేతిలో మూట. ఆపాను. ఎవరూ గుర్తు వేయలేదు. కామమ్మ ముందుకు వంగి చూసింది.

"ఆడ నిలబడి ఉండేది ఎవురు నాయనా?"

"నువ్వే అవ్వా."

"నేనేనా!" అని చాలాసేపు చూసింది. తర్వాత ఆమే అంది, "అది ఎక్కదులే. మూట తీసుకొని పోనీ నాయనా."

పోనిచ్చాను. నువ్వు ఆ మలుపు కోసం ఫైలు మార్చకపోతే నీకూ నాకూ ఈ గొడవ లేదు. మార్చినందుకు నిన్ను నేనేమీ అనను. చెకింగ్ వాళ్లకు రాసిన సంజాయిషీలో నేను ఏం రాశానో, నీ సంజాయిషీ కూడా అదే అనుకుంటున్నాను. నా రికార్డులో మాత్రం ఒక మచ్చ పడింది. దాన్ని తుడిపించుకునే ఉద్దేశం నాకు లేదు.

ఒంటిగంటకు సీతారామపురంలో బస్సు పెట్టాను. అందరూ దిగి, మీ అత్త పెట్టిన పులిహోర తిని వెళ్లారు. నేను ఇక కంప్యూటరు ఆపేసి నీకు తిరిగి పంపించాలనుకున్నాను. పడుకుంటే నిద్ర పట్టలేదు. అది హాల్టు బస్సు కదమ్మా. బస్సు అక్కడ ఉంది. డ్రైవరు ఇక్కడ ఇంట్లో పడుకుని ఉన్నాడు. బండిని తిరిగి డిపోకు చేర్చకుండా ట్రిప్పు అయిందని ఏ డ్రైవరూ సంతకం పెట్టడు. అది దొంగ బండి అయినా సరే, తెచ్చి పెట్టాల్సిందే.

కాని ఒక్కణ్ణి తేలేను. నిన్న వచ్చేటప్పుడే ఎడమ పక్క అసలు కనపడలేదు, తెలిసిన రోడ్డు కాబట్టి నెట్టుకొచ్చాను. తిరుగు దారిలో బండ, లోయ రెండూ ఎడమ పక్కకే వస్తాయి. కండక్టరు కావాలి. ఆదివారం జోసెఫ్ మొదటి బస్సుకు బయలుదేరి రా. కుర్చీ నాకు ఎడమ పక్కన వేసి ఉంచుతాను. నా కుడి చెవి కాస్త నయం గాని, నువ్వు ఎడమ పక్కనే కూర్చోవాలి కాబట్టి "రైట్ రైట్" అని గట్టిగా అరవాలి.

మీ మామ,
మాలకొండయ్య, డ్రైవర్